తాళం వేసింది మీ షోరూం, తాళంచెవి ఇప్పించాల్సింది మీరే

పలాస, శ్రీకాకుళం జిల్లా

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: వారంటీలో ఉన్న లాప్‌టాప్‌కు మదర్‌బోర్డు మార్చాక డిస్కు తెరుచుకోకపోవడం, దాన్ని తెరిచే రికవరీ కీ మీ షోరూం తెరిచిన ఖాతాలో ఉండిపోవడం గురించి.

అయ్యా,

నేను పలాసలో చిన్న చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీలకు లెక్కలు రాసి బతుకుతున్నాను. మీ కంపెనీ లాప్‌టాప్‌ను శ్రీకాకుళంలో మీ పేరుతో నడిచే షోరూంలో కొన్నాను. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త మనిషి తీస్తున్నారు, ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకురావాల్సి వస్తోంది. చివరికి "డేటాకి కంపెనీ బాధ్యత ఉండదు మేడమ్" అని పెట్టేస్తున్నారు. నేను అడుగుతున్నది అది కాదు. ఈ తేడా అర్థమయ్యేవాళ్లు ఒక్కరైనా చదువుతారని కాగితం మీద పెడుతున్నాను.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది. నా పాత డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్, దానికి విండోస్ 11 ఎక్కదు. బ్యాంకు పనులు, జీఎస్టీ లాగిన్లు అన్నీ అందులోనే చేస్తాను కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు లేని సిస్టమ్ మీద పనిచేయడానికి భయమేసి కొత్తది కొన్నాను. పాత సిస్టమ్‌కే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకోవచ్చనీ, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే అందుకు డబ్బు కూడా కట్టక్కర్లేదనీ షోరూంలో ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి వదిలేస్తాను. అయినా ఇప్పటికీ పాత సిస్టమ్ పట్టుకుని వచ్చేవాళ్లకు మీవాళ్లు ఈ మాట చెప్పి పంపితే పుణ్యం ఉంటుంది.

కొన్న రోజు కౌంటర్ దగ్గర పనిచేసే అబ్బాయి పెట్టె విప్పి, తనే విండోస్ సెటప్ చేసి, ప్రింటర్ కూడా కలిపి చూపించాడు. "అంతా రెడీ చేసేశాను మేడమ్, ఈ నాలుగంకెల పిన్ ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు" అన్నాడు. విండోస్ 11 హోమ్ సెటప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. నా మెయిల్ అడగకుండా, నా ఫోన్‌కు ఓటీపీ రాకుండా ఆ అబ్బాయి షోరూం మెయిల్ ఐడీతో పని కానిచ్చేశాడు. ఆ పాస్‌వర్డ్ నాకు ఇవ్వలేదు. అలాంటి ఖాతా ఒకటి ఉందని కూడా చెప్పలేదు. పిన్ కొడితే సిస్టమ్ తెరుచుకుంటున్నంతకాలం ఎవరికీ అనుమానం రాదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. విండోస్ 11లో 24హెచ్‌2 వెర్షన్ నుంచి దాదాపు అన్ని కొత్త లాప్‌టాప్‌లలోనూ, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేస్తే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోతుంది. డిస్కు మొత్తానికి తాళం పడుతుంది. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ తయారై, సెటప్ చేసిన ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది. రోజువారీగా అది మనకు అవసరం రాదు. మదర్‌బోర్డుకు సంబంధించిన టీపీఎం అనే భద్రతా భాగం మనకు తెలియకుండానే తాళం తీసి పెడుతుంటుంది. మదర్‌బోర్డు మారిస్తే పాత టీపీఎం కూడా దానితోనే పోతుంది. అప్పుడు ఆ 48 అంకెలే దిక్కు.

ఎన్‌క్రిప్షన్ ఉండటం మీద నాకు ఫిర్యాదు లేదు. నా సిస్టమ్‌లో వందలాది ఆడవాళ్ల ఆధార్ నకళ్లు, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు ఉంటాయి. రేపు రైల్లో బ్యాగు పోయినా అవి ఎవరికంటా పడవంటే నాకు ధైర్యమే. తాళం వేసి తాళంచెవి తమ దగ్గర ఉంచుకుని, వేసిన సంగతే చెప్పకపోవడం గురించి రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్లాక లాప్‌టాప్ ఛార్జింగ్ సరిగ్గా ఎక్కడం మానేసింది. వైరు ఒక కోణంలో పట్టుకుంటే ఎక్కేది, వదిలితే ఆగిపోయేది. విశాఖపట్నంలో మీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అప్పటికి సిస్టమ్ ఆన్ అవుతోంది, ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. దయచేసి ఈ మాట గమనించండి. జాబ్‌షీట్‌లో "పవర్ ఆన్: అవును" అని మీవాళ్లే రాశారు. టెస్టింగ్ కోసమని నా పిన్ కూడా అదే కాగితం మీద రాసుకున్నారు. ఛార్జింగ్ పోర్టు బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి బోర్డు మార్చాలన్నారు, వారంటీలో ఉచితమన్నారు. సరేనన్నాను. రికవరీ కీ ఉందా అని గానీ, డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉందని గానీ ఒక్కరూ అనలేదు.

తిరిగి తీసుకోవడానికి వెళ్తే తెర మీద నీలం రంగులో బిట్‌లాకర్ రికవరీ అని వచ్చి ఉంది. డిస్కుకు వేసే ఈ విండోస్ తాళం పేరే బిట్‌లాకర్. కింద కీ ఐడీ, 48 అంకెలు నింపడానికి ఖాళీ. కీ ఏ ఖాతాలో ఉందో చిన్న ఆనవాలు కూడా చూపించింది, మెయిల్ ఐడీలో కొన్ని అక్షరాలు. అవి నా మెయిల్‌వి కావు, మీ షోరూం పేరులోని అక్షరాలు. ఆ తెర ఫొటో తీసి ఈ ఉత్తరానికి జతచేశాను.

ఇంజినీర్ గారు చెప్పిన పరిష్కారం ఏమిటంటే, డిస్కు ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేసి ఇస్తారట. డేటా పోతే అభ్యంతరం లేదని ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. డిస్కు పాడవలేదు. అందులో ఉన్నదంతా చెక్కుచెదరకుండా ఉంది. తెరిచే దారి మీ షోరూం చేతిలో ఉండగా దాన్ని తుడిచేయమని నేనెందుకు రాసివ్వాలి?

బోర్డు విప్పకముందు మీ ఇంజినీర్ చేయాల్సింది ఎంత? సిస్టమ్ ఆన్ అవుతోంది, పిన్ చేతిలో ఉంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో కనిపిస్తుంది. ఉంటే ఆపి డిస్కు డిక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలి, లేదా కీ రాసుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మేనేజ్-బీడీఈ ఆదేశం ఒక్కటి కొడితే 48 అంకెలూ తెర మీదికి వస్తాయి. ఇది రోజూ బోర్డులు మార్చే ఇంజినీర్‌కు తెలియని పని కాదు.

ఇక మీ కాల్ సెంటర్ వాళ్లు పదే పదే అనే మాట, బ్యాకప్ పెట్టుకోవాలి కదా అని. పెట్టుకున్నాను. ప్రతి నెలాఖరుకూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీస్తాను. డిసెంబర్ ఆఖరు దాకా అన్నీ భద్రంగా ఉన్నాయి. లోపల చిక్కుకున్నది జనవరి మొదటి రెండు వారాల లెక్క. మీకు అది కొద్ది రోజుల లెక్కే అనిపించవచ్చు. పలాసలో ఆ రోజులంటే ఏమిటో చెబుతాను.

ఫ్యాక్టరీల్లో పిక్క కొట్టే వాళ్లకు, పప్పు పొట్టు తీసే వాళ్లకు కిలోల లెక్కన కూలి. సాయంత్రం కాటా దగ్గర ఒక్కొక్కరి పప్పు తూచి చీటీ మీద రాస్తారు. ఆ చీటీలు నా దగ్గరికి వస్తాయి, నేను సిస్టమ్‌లోకి ఎక్కించి పక్కన టిక్కు పెడతాను, చీటీలు పారేస్తారు. పేరు, కిలోలు, కూలి, పాత అడ్వాన్సు, కొత్త అడ్వాన్సు, మిగిలింది అని వరుసలు. సంక్రాంతి ముందు అందరూ అడ్వాన్సు తీసుకుంటారు. బట్టలకు కొందరు, అల్లుడు వస్తున్నాడని కొందరు, పాత బాకీ తీర్చడానికి కొందరు. ఒకరికి ఇచ్చింది ఇంకొకరికి తెలియదు. పండుగ తర్వాత ఆ అడ్వాన్సు వారం వారం కూలిలో విరగ్గొట్టుకుంటూ పోతారు.

ఆ లెక్క లేకపోయేసరికి ఓనర్ గుర్తున్నది ఓనర్ చెప్పారు, పనివాళ్లు గుర్తున్నది పనివాళ్లు చెప్పారు. పెద్దావిడ ఒకామె రోజూ వచ్చి "నా పద్దు ఏటైనట్టమ్మా, నాను తీసుకున్నది అంత కాదు" అని నా బల్ల పక్కన నిలబడేది. ఆమె అబద్ధం ఆడుతుందని నేను అనుకోను. ఓనర్ అబద్ధం ఆడుతున్నారనీ అనలేను. తేడా వచ్చిన చోట కొంత నా జీతంలోంచి సర్దాను. డబ్బు కంటే ఎక్కువ బాధ ఏమిటంటే, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి కాగితం పుస్తకాలు తడిసి ముద్దయ్యాక, "ఇకనుంచి కంప్యూటర్‌లో ఉంటుంది, ఎవరి లెక్కా పోదు" అని ఈ ఆడవాళ్లకు చెప్పింది నేనే. వాళ్లు నా మాట నమ్మారు.

ఇంకో విషయం దీనికంటే పెద్దది. నా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఫైళ్ల పక్కన ఆకుపచ్చ టిక్కు కనిపించేది. అంటే అవి ఆ ఖాతాకు చెందిన వన్‌డ్రైవ్‌లోకి, అంటే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలోకి, కాపీ అవుతున్నట్టు. అది నా ఖాతా కాదని ఇప్పుడు తెలిసింది. ఆధార్ నకళ్లు, పాస్‌బుక్ ఫొటోలు ఎవరి చేతిలో ఉన్న ఖాతాలో ఉన్నాయో మీరు నాకు రాతపూర్వకంగా చెప్పాలి. షోరూంకి వెళ్లి అడిగితే, ఆ అబ్బాయి ఉద్యోగం మానేశాడని, ఓటీపీ అతని సొంత నంబర్‌కే వెళ్తుందని మేనేజర్ అన్నారు. మీ షోరూం అమ్మిన ప్రతి లాప్‌టాప్‌కూ అదే చేశారా అని అడిగితే జవాబు రాలేదు.

జవాబు నాకు నేనుగా కొంత తెలిసింది. మా వీధిలో ట్యూషన్లు చెప్పే టీచర్ గారు కూడా అక్కడే కొన్నారు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి చూస్తే ఆమెదాంట్లోనూ షోరూం మెయిలే ఉంది. ఆమె సిస్టమ్ బాగానే నడుస్తోంది కాబట్టి ఆ ఆదేశం కొట్టి 48 అంకెలు నోట్‌బుక్‌లో రాసుకున్నాం, తర్వాత ఆ ఖాతా తీసేసి ఆమె సొంత మెయిల్‌తో లాగిన్ చేయించాను. ఆమెకు సమయం ఉంది. బోర్డు పోయాక తెలుసుకునేవాళ్ల సంగతేమిటి?

నాకు కావలసినవి ఇవి. ఆ ఖాతాను షోరూం తిరిగి తెరిచి, నా తెర మీది కీ ఐడీకి సరిపోయే రికవరీ కీ నాకు ఇవ్వాలి. వన్‌డ్రైవ్‌లో ఉన్న నా ఫైళ్లు నాకు అప్పగించి, అక్కడినుంచి తొలగించినట్టు రాసివ్వాలి. ఇందులో ఆలస్యం పనికిరాదు, రెండేళ్లు ఎవరూ లాగిన్ కాకపోతే మైక్రోసాఫ్ట్ ఖాతాను మూసేయవచ్చు. ఖాతా పోతే కీ కూడా పోతుంది, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా కొత్త కీ తయారుచేసి ఇవ్వలేరు. ఉద్యోగం మానేసిన అబ్బాయిని పట్టుకోవడం షోరూం బాధ్యత. అతన్ని శిక్షించమని నేను అడగడం లేదు. అతనికి ఎలా నేర్పారో అలా చేశాడు.

మీ షోరూం ద్వారా ఇలా సెటప్ అయిన లాప్‌టాప్‌లు కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పండి. బిల్లు మీద నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి. ఇకమీదట కొనేవాళ్ల ఎదురుగా, వాళ్ల మెయిల్‌తో, వాళ్ల ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా సెటప్ చేయండి. రికవరీ కీ ప్రింట్ తీసి బిల్లుతో పాటు చేతిలో పెట్టండి. సర్వీస్ సెంటర్ జాబ్‌షీట్‌లో పిన్ రాసుకోవడానికి గడి ఉన్నప్పుడు, రికవరీ కీ ఉందా అని అడిగే గడి పెట్టడం పెద్ద పనేమీ కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సేవాలోపం అంటే ఏమిటో రాసి ఉంది. వినియోగదారుకు నష్టం కలిగించే నిర్లక్ష్యం, తెలిసి తెలిసి సమాచారం చెప్పకపోవడం రెండూ అందులోకి వస్తాయి. పని కోసం వాడుకునే లాప్‌టాప్ కాబట్టి నేను వినియోగదారును కానని మీవాళ్లొకరు అన్నారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువుకు ఆ మినహాయింపు వర్తించదని అదే చట్టం చెబుతోంది. నేనుండే జిల్లాలోనే, శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసి, ఆపై కమిషన్‌కి వెళ్తాను.

లాప్‌టాప్ నా దగ్గరే ఉంది, ఫార్మాట్ చేయలేదు, చేయనివ్వను. కీ దొరికిన రోజు ఫోన్ చేయండి, అదే రోజు తెరిచి, ఆ ఆడవాళ్ల లెక్కలు వాళ్ల ముందే చదివి వినిపించాలి.

ఇట్లు,
మీ లాప్‌టాప్ కొన్న వినియోగదారు

జతపరచినవి: బిల్లు నకలు, వారంటీ కార్డు, సర్వీస్ సెంటర్ జాబ్‌షీట్, రికవరీ తెర ఫొటో, నేను సంతకం పెట్టని ఫారం.