చీకట్లోనూ చూసే కెమెరా వచ్చింది, ప్యాకప్ పోయింది

సంపాదకులకు నమస్కారం.

మన గోదావరి జిల్లాల్లో చిన్న సినిమాల షూటింగులు పెరిగాయని ఈ మధ్య మీ పత్రికలో రాశారు. కొబ్బరితోటలు, కాలువగట్లు, లంకలు, మండువా లోగిళ్లు ఉన్నాయి కాబట్టి ఇక్కడ సెట్ ఖర్చు ఉండదని, అందుకే తక్కువ డబ్బులో సినిమా అయిపోతోందని అందులో ఉంది. సెట్ ఖర్చు కలిసిరావడం నిజమే. కానీ అలాంటి సినిమాలకు కెమెరామన్‌గా పనిచేసేవాడిగా చెబుతున్నాను, ఎక్కువ మిగులుతున్నది అక్కడ కాదు. లైట్‌మెన్, డ్రైవర్లు, అసిస్టెంట్ల నిద్ర కోసేసి మిగులుస్తున్నారు. కరెంటు జాగ్రత్తలు మానేసి మిగులుస్తున్నారు. ఈ సంగతి ఎక్కడా రావడం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

మాది రాజోలు. పెళ్లి వీడియోలు తీస్తూ మొదలుపెట్టి, హైదరాబాద్ వెళ్లి అసిస్టెంటుగా చేసి, ఇప్పుడు చిన్న సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు కెమెరా చేస్తున్నాను. ఈ పనంటే నాకు ప్రాణం. తక్కువ బడ్జెట్ సినిమా అంటే నాకు చిన్నచూపు లేదు. కొత్త దర్శకుడికి అవకాశం వచ్చేది అక్కడే, మా ఊళ్ల కుర్రాళ్లు పని నేర్చుకునేదీ అక్కడే.

నాకు పని నేర్పిన గురువుగారు ఫిల్ము మీద తీసినవారు. 35 ఎంఎంలో 400 అడుగుల రోలు నాలుగున్నర నిమిషాలకు అయిపోతుంది. రోలు ఖరీదైనది కాబట్టి బాగా రిహార్సల్ చేసి తీసేవారు. రాత్రి సీను అంటే పెద్ద లైట్లు, వాటికి జనరేటర్ బండి, దానికి డీజిలు. అంత ఖర్చెందుకని చిన్న సినిమావాళ్లు రాత్రి సీన్లు తగ్గించి రాసుకునేవారు. చాలా రోజుల్లో పొద్దుగూకితే ప్యాకప్పే, అంటే ఆ రోజు షూటింగ్ ముగిసినట్టే. ఇప్పుడు సోనీ ఎఫ్ఎక్స్3 లాంటి చిన్న కెమెరాకు కూడా 12,800 దగ్గర రెండో బేస్ ఐఎస్ఓ ఉంది, అంటే తక్కువ వెలుగులో తియ్యడానికే ఉన్న సెట్టింగు. వీధిలైటు వెలుగు, ఇంట్లో రెండు బల్బులు ఉంటే బొమ్మ శుభ్రంగా వచ్చేస్తుంది. నాలాంటివాడికి అది వరమే. కానీ నిర్మాతలు, మేనేజర్లు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. చీకటి పడితే ఆపాల్సిన పని లేదన్నమాట! పగటి సీన్లు పగలు, రాత్రి సీన్లు రాత్రి, అదే యూనిట్‌తో, అదే రోజు. సూర్యుడు చెప్పే ప్యాకప్ పోయింది. దాని బదులు ఇంకెవరైనా చెప్పాలి కదా, ఆ మాట చెప్పేవాళ్లే లేరు.

రాత్రి పని పెరిగాక కరెంటు సంగతి చూడండి. జనరేటర్ అద్దె మిగుల్చుకోవడానికి షూటింగ్ జరిగే ఇంటి మీటరు నుంచే వైర్లు లాగుతారు. ప్లగ్గు ఉండదు. వైరు కొసలు ఒలిచి సాకెట్ రంధ్రాల్లో దూర్చి, జారిపోకుండా అగ్గిపుల్లలు దోపుతారు. టేపు అయిపోతే జాయింటు మీద క్యారీబ్యాగు చుట్టేస్తారు. ఆ వైరు పెరట్లోంచి వస్తుంది. పెరట్లో నుయ్యి, పంపు, గేదెల్ని కడిగిన నీళ్లు. మన డెల్టాలో నేల ఎప్పుడూ చెమ్మే. చెప్పులు బురదలో దిగిపోతున్నాయని లైట్‌మన్ కుర్రాడు వాటిని వదిలేసి, ఇనుప స్టాండు పట్టుకుని వట్టికాళ్లతో నిలబడతాడు. ఎర్తింగ్ ఉందా అని అడిగితే మూడో పిన్ను ఎప్పుడో విరిగిపోయిందంటారు.

ముమ్మిడివరం వైపు ఒక ఇంట్లో ఇలాగే స్టాండుకు కరెంటు పాకింది. కుర్రాడు వెనక్కి విరుచుకుపడ్డాడు, అరచెయ్యి కమిలిపోయింది. కాసేపు కూర్చోబెట్టి, సోడా తాగించి, షాట్ రెడీ అన్నారు. వాణ్ణి ఆసుపత్రికి పంపేదాకా కెమెరా ఆన్ చెయ్యనని నేను మొండికేస్తే గానీ బండి కదల్లేదు. ఆ సినిమా తర్వాతి షెడ్యూలుకు నాకు కబురు రాలేదు. దానికి బాధ లేదు. ఆ కుర్రాడికి కూడా కబురు రాలేదు, అదే బాధ.

ఇంటి కరెంటుతో పని సరిగా జరుగుతుందా అంటే అదీ లేదు. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రైతులు ఏరియేటర్లు, అంటే నీళ్లు చిలికి గాలి పట్టించే యంత్రాలు ఆడిస్తారు. లోడు పెరిగి వోల్టేజీ పడిపోతుంది, మళ్లీ ఎగదన్నుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరా షట్టర్ సెకనులో 1/50 వంతు దగ్గర పెట్టుకుంటే మామూలు బల్బుతో ఇబ్బంది ఉండదు. చవక ఎల్ఈడీలు అలా కాదు. వోల్టేజీ ఆడినప్పుడు ఏ షట్టర్ పెట్టినా బొమ్మ మీద చారలు కదులుతూ ఉంటాయి. ఆ సీను మళ్లీ తియ్యాల్సిందే. జనరేటర్ దగ్గర మిగిలిందనుకున్న డబ్బు రీషూట్‌కి పోతుంది.

మరి తక్కువ ఖర్చుతో మంచి బొమ్మ తియ్యలేమా? తియ్యొచ్చు, ముందుగా కెమెరామన్‌ని రెక్కీకి, అంటే షూటింగ్ చోటు చూసుకోవడానికి తీసుకెళ్తే. చిన్న సినిమాల్లో మొదట కొట్టేసేది ఆ ఖర్చే. దర్శకుడు, మేనేజరు వచ్చి ఫోనులో ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు.

నర్సాపురం రేవులో తెల్లవారుజామున నిలబడండి. సూర్యుడు అవతల సఖినేటిపల్లి వైపు కొబ్బరితోటల మీదుగా లేస్తాడు. వశిష్ఠ నీళ్లన్నీ వెలుగుతాయి, రేవు దాటించే పంటు మీద మనుషులు నల్లటి ఆకారాలుగా కనిపిస్తారు. సాయంత్రం అదే పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటితే, సూర్యుడు నర్సాపురం వెనక దిగుతాడు. ఒక్క రోజులో రెండు పూటలు, రెండు గట్లు, ఒక్క లైటు వెయ్యక్కర్లేదు. మండువా ఇల్లూ అంతే. మిట్టమధ్యాహ్నం నడిమండువాలోకి ఎండ నిట్టనిలువుగా పడుతుంది, ముఖాల మీద కళ్ల కింద నల్లటి గుంటలు వస్తాయి. పైన చూరుకు అడ్డంగా తెల్ల మస్లిన్ గుడ్డ కట్టండి, లేదంటే ఉతికిన పంచెలు రెండు కలిపి కట్టండి. చుట్టూ నాలుగు వసారాల్లోకి మెత్తటి వెలుగు పరుచుకుంటుంది. ఒక మూల థర్మాకోల్ షీటు నిలబెడితే సీనంతా తీసేయొచ్చు. అదే కొబ్బరితోటలో మధ్యాహ్నం క్లోజప్ పెడితే మట్టల నీడలు ముఖం మీద చారలు చారలుగా పడతాయి, పచ్చటి ఛాయ చర్మానికి ఎక్కుతుంది. దాన్ని సరిచెయ్యడానికి లైట్లు, ఎండను మెత్తబరిచే గుడ్డ ఫ్రేములు (స్కిమ్మర్లు), నలుగురు మనుషులు కావాలి. ఏ సీను ఏ పూట తియ్యాలో ముందే తెలిస్తే సగం లైట్లు ఇంట్లోనే ఉంచి రావచ్చు. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సుకు ఆవిరి పడుతుందని, దాన్ని ముందుగా బయట పెట్టాలని తెలిసినవాడు ఒకడుంటే పొద్దుటి వెలుగు పోదు.

ఒక యూనిట్ నిండు కాలువలో పడవ పాట తీద్దామని మే నెలలో దిగింది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసి పూడిక తీస్తారని, ధవళేశ్వరం నుంచి మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లోనని ఇక్కడ ఏ రైతునడిగినా చెబుతాడు. ఎవరూ అడగలేదు. ఇంకో యూనిట్ దాళ్వా (రెండో పంట) చేలు పచ్చగా ఉన్నప్పుడు సగం సీను తీసి, డబ్బు సర్దుకుని ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి చేను కోతకొచ్చేసింది. అలా పోయిన రోజుల్ని ఎక్కడ రాబట్టుకుంటారు? మిగిలిన రోజుల్ని సాగదీసి. పొద్దున్న ఆరింటి కాల్‌షీట్ అర్ధరాత్రి దాటుతుంది, మర్నాడు మళ్లీ ఆరింటికే.

లైట్‌మెన్, ప్రొడక్షన్ కుర్రాళ్లు అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక వెళ్తారు. డ్రైవరు వాళ్లకంటే ముందు, వాళ్లకంటే వెనక. పి.గన్నవరం దాటాక కాలువగట్టు రోడ్డు మీద తెల్లవారుజామున మా యూనిట్ వ్యాను డ్రైవరుకు కునుకు పట్టింది. ఒక పక్క చక్రం గట్టు దిగిపోయి, వ్యాను కొబ్బరిమొదలుకు ఆనుకుని ఆగింది. వెనక సీట్లలో లెన్సు ఫోకస్ చూసే ఫోకస్ పుల్లరు, ఇద్దరు అసిస్టెంట్లు నిద్రలోనే ఉన్నారు. ఆ చెట్టు లేకపోతే కింద నిండు కాలువ. గట్టు రోడ్ల మీద కార్లు కాలువలో పడ్డ వార్తలు మీ పత్రికలో ఎన్నిసార్లు వేశారో మీకే తెలుసు.

1997లో హాలీవుడ్‌లో ఒక సహాయ కెమెరామన్ 19 గంటలు పనిచేసి, కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తూ నిద్రపట్టి చనిపోయాడు. రెండు ఆస్కార్లు అందుకున్న ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒకటే మాట మీద నిలబడ్డారు. 12 గంటలకు మించి పని వద్దు, తర్వాత 12 గంటల విశ్రాంతి ఇవ్వండి అని. అంత పెద్దాయన కింది కుర్రాళ్ల నిద్ర కోసం పోరాడారంటే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మన దగ్గర పేరున్న ఛాయాగ్రాహకులు కూడా ఈ మాట గట్టిగా అనాలని నా విన్నపం.

చట్టం లేక కాదు. సినీ కార్మికుణ్ణి రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదని 1981 చట్టమే చెప్పింది. 2020లో చేసిన కార్మిక కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. నేను చేసిన చిన్న సినిమాల్లో లైట్‌మన్ చేతిలో అలాంటి కాగితం ఎప్పుడూ చూడలేదు. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని హైదరాబాద్‌లో సినీ కార్మికులు సమ్మె చేశారు, అందరికీ తెలిసింది. కానీ ఏ యూనియన్ కార్డూ లేని మా ఊరి కుర్రాడు రోజుకూలికి, బేటాకి (రోజు బత్తాకి) వస్తాడు. వాడి తరఫున అడిగేవాళ్లు లేరు.

నది మీద సంగతి కూడా చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక లైఫ్ జాకెట్ల గురించి అందరం మాట్లాడుకున్నాం. షూటింగ్ నావల్లో ఆ మాట మర్చిపోతున్నారు. ఫ్రేములో ఉన్న నటులు వేసుకోలేరు, సరే, వాళ్ల కోసం పక్కనే ఇంకో నావలో ఈతగాళ్లను పెట్టండి. కెమెరా వెనక ఉన్నవాళ్లు ఎందుకు వేసుకోకూడదు? ఈ మధ్య మా డిపార్టుమెంటులోకి ఆడపిల్లలు కూడా వస్తున్నారు. లంకలో రోజంతా షూటింగ్ పెట్టి బాత్రూమ్ ఏర్పాటు చెయ్యకపోతే వాళ్లు నీళ్లు తాగడమే మానేస్తున్నారు.

ఎన్నో సినిమాల షూటింగులు జరిగిన కుమారదేవం సినిమా చెట్టు 2024 ఆగస్టులో కూలిపోతే రాష్ట్రమంతా బాధపడింది, నేనూ బాధపడ్డాను. ఆ చెట్టు కింద కేబుళ్లు మోసినవాళ్ల మీద కూడా అంత ప్రేమ ఉండాలి కదా. అనుమతులిచ్చే అధికారులను నేను కోరేది పెద్ద పనేం కాదు. దరఖాస్తులోనే మూడు సంగతులు రాయించుకోండి. కరెంటు చూసే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఎవరు, రోజుకు ఎన్ని గంటలు తీస్తారు, రాత్రి డ్రైవరూ పగటి డ్రైవరూ ఒకరేనా. రాసిచ్చినదాన్ని ఒక రాత్రి వచ్చి చూసి వెళ్లండి, చాలు.

అధికారుల కంటే ముందు ఇది చెయ్యగలిగినవాళ్లు మన ఊళ్లవాళ్లే. షూటింగుకు ఇల్లు అద్దెకిచ్చే అన్నలకు, అక్కలకు చెబుతున్నాను. సినిమావాళ్లు వచ్చారన్న సంబరంలో మీటరు వాళ్ల చేతికి వదిలెయ్యకండి. జనరేటరో, తాత్కాలిక కనెక్షనో తెచ్చుకోమనండి. మీ కరెంటే వాడుకోనిస్తే, కరెంటు లీకైతే ఆపేసే ట్రిప్పర్ పెట్టించండి, ప్లగ్గు లేని వైరు గోడలో దూర్చనివ్వకండి. తెల్లారేదాకా తీస్తామంటే మర్నాడు ఎన్నింటికి మొదలుపెడతారో అడగండి. నావ ఇచ్చేవాళ్లు జాకెట్లు లెక్కపెట్టాకే తాడు విప్పండి. ఈ మాటలు మేం యూనిట్‌లో అంటే మా పని పోతుంది. మీరు అంటే వాళ్ల లొకేషన్ పోతుంది, అందుకని మీ మాట వింటారు.

ఇట్లు,
ఒక సినిమా కెమెరామన్,
రాజోలు, కోనసీమ జిల్లా