సీటు ఇచ్చారు సరే, పక్కన చోటు కూడా ఇవ్వండి

సంపాదకుడి గారికి,

మా మనవరాలు ఇక్కడికి దగ్గర్లోని ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో రెండో తరగతి చదువుతోంది. మొన్న ఇంటికొచ్చి బ్యాగు దించకుండానే అడిగింది: "తాతయ్యా, ఆర్టీఈ పిల్లలంటే ఎవరు?" ఆధార్ జిరాక్సుల కోసం ఎవరో క్లాసులోకొచ్చి "ఆర్టీఈ పిల్లలు నిలబడండి" అన్నారట. నలుగురు లేచారు. దీని పక్కన కూర్చునే పాప వాళ్లలో ఒకతి. ఆ రోజు నుంచి ఆ పాప బాక్సు మూత కాస్తే తెరిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నం తింటోందట. 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2009 విద్యా హక్కు చట్టం (ఆర్టీఈ అంటే అదే) ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఫీజు ప్రభుత్వం కడుతుంది. అది బకాయి పడితే యాజమాన్యం ప్రభుత్వంతో తేల్చుకోవాలి గానీ, ఆ కోపం పిల్లల మీద చూపిస్తే ఎలా? వాళ్లను విడిగా కూర్చోబెట్టకూడదనీ, పుస్తకాలు, యూనిఫాం, లైబ్రరీ, ఆటల దగ్గర తేడా చూపకూడదనీ కేంద్రం 2010లోనే నియమాల్లో రాసింది. క్లాసులో నిలబెట్టి గుర్తు చూపించడం విడిగా కూర్చోబెట్టడం కంటే ఏం తక్కువ?

పేరెంట్స్ మీటింగ్ సంగతీ చెప్పాలి. ఆ పాప తల్లి కువైట్‌లో పనికెళ్లింది. కొబ్బరి ఈనెలు గీసి చీపుర్లు కట్టే అమ్మమ్మే పెంచుతోంది. మీటింగుకి ఆవిడే వచ్చింది. అరగంట అంతా ఇంగ్లీషే. ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్ అండీ" అంటూ తల ఊపింది. బయటికొచ్చాక నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: "మాస్టారూ, మా పిల్ల బాగా చదువుతుందన్నారా, లేదన్నారా?" ఆ టీచర్‌ది తణుకు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎన్నో దేశాల ఇంటర్నేషనల్ స్కూళ్లకు చదువు పద్ధతి ఇచ్చే, 1968లో జెనీవాలో పుట్టిన ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) బోర్డే తన బడుల్లో పిల్లల మాతృభాషకు ఆదరణ ఉండాలంటుంది. మన డెల్టా బడికి అందులో నామోషీ ఏమిటో నాకు అర్థం కాదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అయినా కాలు సరిగా లేని ఒక బాబు ఇంకా రెండో అంతస్తుకి వాళ్ల నాన్న చంకనెక్కే వెళ్తున్నాడు. ఆ క్లాసును కిందికి మార్చడానికి పైసా ఖర్చు కాదు.

తప్పంతా బడిదే అనను. "ఫ్రీ సీటు వాళ్ల వల్ల స్టాండర్డ్ పడిపోతోంది" అని వాట్సాప్ గ్రూపులో రాసింది ఫీజులు కట్టే మనవాళ్లే. ఆ మాట చదివి నేనూ ఊరుకున్నాను. అప్పుడే మాట్లాడాల్సింది.

మండల విద్యాశాఖాధికారులు ఈ బడులకు వెళ్లినప్పుడు రిజిస్టర్లు చూసి వచ్చేయకుండా, భోజనాల వేళ ఒక్క పది నిమిషాలు పిల్లల మధ్య కూర్చోవాలి. ఆర్టీఈ కాగితాలు ఆఫీసులోనే, తల్లిదండ్రుల దగ్గరే తీసుకోమని సర్క్యులర్ ఇవ్వాలి. వచ్చే మీటింగు సగమైనా తెలుగులో జరపమని ప్రిన్సిపాల్ గారికి నేను అర్జీ ఇచ్చాను. కింద ఆ అమ్మమ్మ కూడా వేలిముద్ర వేసింది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు