తుపాకీ లేని మనిషికి సైన్యంలో ఏం పని?

ఒరేయ్, వందనాలు!

నీ ఉత్తరం అందింది. మీ తమ్ముడు సైన్యంలో పాస్టర్‌గా చేరతానని పట్టుబట్టాడని, ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారని రాశావు. తుపాకీ పట్టని మనిషికి అక్కడేం పని అని అమ్మ అడిగిందన్నావు చూడు, సరైన ప్రశ్న అది. ఇక్కడ మా చర్చి పాస్టర్ గారు అమెరికా ఆర్మీలో చాప్లెయిన్‌గా, అంటే సైనికుల మతగురువుగా, ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరయ్యాక మా సంఘానికి కాపరిగా వచ్చారు. ఆయన దగ్గర విన్నదీ, ఆయనలో చూసిందీ రాస్తాను. అమ్మకి చదివి వినిపించు.

చాప్లెయిన్ల ఏర్పాటు ఇక్కడ 1775 నుంచీ ఉంది. వాళ్లు యుద్ధరంగానికి వెళ్లినా ఆయుధం పట్టరు. యుద్ధంలో పాటించాల్సిన నియమాల మీద దేశాలు చేసుకున్న జెనీవా ఒప్పందాల ప్రకారం వాళ్లు పోరాడేవాళ్ల లెక్కలోకి రారు. వెంట ఒక సహాయకుడు ఉంటాడు, తుపాకీ అతని దగ్గర ఉంటుంది. కెప్టెన్, మేజర్ అని హోదా ఉంటుంది గానీ, ఒక్క సైనికుణ్ణయినా యుద్ధానికి నడిపించే అధికారం ఉండదు. నాకైతే ఇదే నచ్చింది. చేతిలో ఏ అధికారమూ లేదు కాబట్టే కుర్రాళ్లు ఆయన దగ్గర మనసు విప్పుతారు. అక్కడ చెప్పుకున్న మాట కమాండర్ అడిగినా బయటికి రాకూడదు, అది కచ్చితమైన నియమం. అర్ధరాత్రి డేరా బయట నిలబడి, "పాస్టర్ గారూ, మేలుకునే ఉన్నారా?" అని పిలిచేవాళ్లట. భార్య వదిలేసి వెళ్తానందనీ, నిద్ర పట్టడం లేదనీ, బతకాలని లేదనీ చెప్పుకునేవాళ్లట. వాళ్లలో ఏ మతమూ లేనివాళ్లు కూడా ఉండేవాళ్లు. తన మతంవాళ్లకి ఆరాధన జరిపించడం ఎంత పనో, యూదులకీ ముస్లింలకీ వాళ్ల ప్రార్థన సాగేలా చూడటమూ అంతే పని.

అన్నిటికన్నా బరువైన పని ఇంకొకటుంది. సైనికుడు చనిపోతే ఆ కబురు ఫోన్లో చెప్పరు. యూనిఫాంలో ఒక అధికారి ఇంటికే వెళ్తాడు, తోడుగా చాప్లెయిన్ వెళ్తాడు. ఒకసారి తలుపు తీసిన తల్లికి వీళ్లిద్దరినీ చూడగానే సంగతి అర్థమైపోయిందట. అధికారి చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పాడు. ఆవిడ గుమ్మం దగ్గరే నేల మీద కూలబడిపోయింది. లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన. పాస్టర్ గారు వంటింట్లోకి వెళ్లి, పొయ్యి కట్టేసి, తిరిగొచ్చి ఆవిడ పక్కన నేల మీదే కూర్చున్నారు. బైబిల్ వాక్యం ఎత్తలేదు. ఆవిడ అక్క వచ్చేదాకా అలా కూర్చునే ఉన్నారట. "ఆవిడ అడిగాకే ప్రార్థన చేశాను" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు నోట మాట రాలేదురా.

ఇలాంటివాళ్లలో ఎమిల్ కపాన్ గురించి అమ్మకి తప్పకుండా చెప్పు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం నుంచి చాప్లెయిన్‌గా వెళ్లిన కేథలిక్ గురువు. కొరియా యుద్ధంలో 1950 నవంబరులో ఉన్సాన్ దగ్గర, కదల్లేని గాయాలతో పడివున్న ఒక అమెరికన్‌ని శత్రు సైనికుడు కాల్చబోతుంటే, ఈయన నడిచి వెళ్లి ఆ తుపాకీని పక్కకి తోసేసి, గాయపడినవాణ్ణి ఎత్తుకున్నాడు. తర్వాత బందీల శిబిరంలో తోటివాళ్ల కోసం తిండి దొంగిలించి తెచ్చేవాడు, జబ్బుపడినవాళ్ల బట్టలు ఉతికేవాడు. 1951 మేలో అక్కడే చనిపోయాడు. 2013లో ఆయనకి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, అమెరికా సైన్యంలో సాహసానికిచ్చే అతిపెద్ద పతకం అది.

ఇక చర్చి పని. ఆర్మీ తర్వాత ఇది విశ్రాంతిలా ఉంటుందనుకుంటాం కదా, పాస్టర్ గారికి ఇదే కష్టమైందట. అక్కడ రెండు మూడేళ్లకోసారి బదిలీ, మనుషులు మారిపోతారు. ఇక్కడ అవే ముఖాలు, కమిటీ మీటింగుల్లో అవే తగాదాలు. ప్రాణభయంతో ఉన్నవాడు పాస్టర్‌ని వెతుక్కుంటూ వస్తాడు, అంతా బాగున్నవాడు రాడు. అందుకని ఆయనే వెళ్తారు. సైనికులతో పాటు బురదలో నడిచిన అలవాటు అది. గ్యారేజీలో కారు కింద పడుకున్నవాడితో మాట్లాడతారు, డయాలిసిస్ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ప్రసంగంలో ఆయనకన్నా గొప్పగా చెప్పేవాళ్లని చాలామందిని విన్నాను. అయినా కష్టమొస్తే మొదట గుర్తొచ్చేది ఈయనే.

మీ తమ్ముడికి దారి మన దగ్గరా ఉంది. భారత సైన్యంలో ధర్మగురువుల పోస్టులున్నాయి. పండిట్, గ్రంథి (సిక్కు గురువు), మౌల్వీలతో పాటు పాడ్రేని, అంటే క్రైస్తవ గురువుని కూడా, నాయబ్ సుబేదార్ హోదాలో (జవాన్లకి పైన, పెద్ద అధికారులకి కింద) తీసుకుంటారు. డిగ్రీ ఉండాలి, గురువుగా అభిషేకం పొంది ఉండాలి. కాబట్టి తొందరపడొద్దని చెప్పు. ముందు ఏదైనా సంఘంలో కొన్నాళ్లు పనిచెయ్యమను, ఆసుపత్రులకి వెళ్లమను, చావు ఇళ్లలో మాట్లాడకుండా కూర్చోవడం నేర్చుకోమను. అది చేతనైతే ఎవరూ ఆపొద్దు, నువ్వూ ఆపకు.

వాడి ఫోన్ నంబర్ పంపు. పాస్టర్ గారితో మాట్లాడిస్తాను, ఆయన ఇప్పటికే ఒప్పుకున్నారు. అమ్మకి నా వందనాలు చెప్పు.

నీ స్నేహితుడు