ఆ బీరువా తాళం తీయించండి

గౌరవనీయులైన విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. నేను నల్లగొండ ప్రాంతంలోని ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందు రాస్తున్నాను.

పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మా దగ్గర అది గైడు చూసి బట్టీ పట్టే నాలుగు పేజీలు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదని మా ఛాత్రోపాధ్యాయులు టక్కున చెప్తారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన ఊరి పేరే ఉందనీ రాస్తారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన వాళ్ల నానమ్మ గురించి పది వాక్యాలు రాయమంటే పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అలాంటి బతుకు మీద కథ ఒక్కటీ ఆమె ఇంతవరకు చదవలేదు. రేపు బడిలో పిల్లలకు ఏం చదివి వినిపిస్తుంది?

కథలు లేక కాదు. కరువు మీద, ఎండిన బోర్ల మీద, పాలమూరు వలసల మీద మనవాళ్లు రాసినవి కావాల్సినన్ని ఉన్నాయి. మా లైబ్రరీ బీరువాకేమో తాళం. పుస్తకం పోతే జీతంలో కోస్తారని సిబ్బందికి టెన్షన్. వాళ్లను తప్పుపట్టలేం లెండి.

కాబట్టి పోయిన పుస్తకానికి సిబ్బందిని బాధ్యుల్ని చేయకుండా, వారానికి రెండు పీరియడ్లు పుస్తక పఠనానికే కేటాయిస్తూ ఉత్తర్వు ఇవ్వండి. నీళ్లు, నేల, వలసల మీద తెలుగు పుస్తకాలు కొనడానికి నిధులు మంజూరు చేయండి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు రాతపూర్వకంగా మీ జవాబు కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు అధ్యాపకుడు