వీపుకెక్కే ఇంజనుకూ పొగ పరిమితి పెట్టండి

సంపాదకులకు,

మిరపకు మందు కొట్టే రోజుల్లో మా ఊళ్లో తెల్లారకముందే తైవాన్ పంపుల మోత మొదలవుతుంది. మందు ట్యాంకు, దాంతోపాటు 26 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, రెండూ మనిషి వీపు మీదే. మందు వాసనకు మూతికి తువ్వాలు చుట్టుకునే కూలీ కూడా ఇంజను వదిలే నీలిపొగను పట్టించుకోడు. పెట్రోలులో ఆయిలు కొలిచి కలిపేవాళ్లు తక్కువ. ఇంజను పట్టేస్తుందేమోనని ఇంకో మూత ఎక్కువే పోస్తారు.

అయితే తప్పంతా ఆయిలుది కాదు. టూ స్ట్రోక్‌లో కాలిన పొగ బయటికి పోయే దారి, పెట్రోలు, గాలి కలిసిన కొత్త మిశ్రమం లోపలికొచ్చే దారి కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. దాంతో పెట్రోలులో దాదాపు నాలుగో వంతు కాలకుండానే సైలెన్సరులోంచి పోతుంది. మనం డబ్బు పెట్టి కొన్న పెట్రోలే పంపు మోసేవాడి ముక్కులోకి వెళ్తోందన్నమాట.

దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. మిశ్రమం కంటే ముందు ఉత్త గాలిని సిలిండరులోకి పంపే ఇంజన్లు వచ్చాయి. పొగను ఆ గాలే నెడుతుంది, బయటికి జారిపోయినా జారేది గాలే. హోండా అయితే ఎటు వంచినా ఆయిలు అందే బుల్లి ఫోర్ స్ట్రోక్ చేసింది. ఆ ఇంజన్లున్న బ్రష్ కట్టర్లు (గడ్డి, పొదలు కోసే యంత్రాలు) మన దగ్గరా అమ్ముతున్నారు. ఆయిలు విడిగా ఉంటుంది కనుక మూతల లెక్కే లేదు. బరువు, ధర కాస్త ఎక్కువే, కాదనను.

అమెరికాలో ఇవి ఊరికే రాలేదు. 1997లో చేతి యంత్రాల ఇంజన్లకు తొలి పరిమితి పెట్టి, తర్వాత దశలవారీగా బిగించారు. 20 నుంచి 50 సీసీ ఇంజన్లకు హైడ్రోకార్బన్లు (అంటే కాలకుండా పోయే పెట్రోలు), నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి ఇంజను చేసే ఒక్కో కిలోవాట్-గంట పనికి 50 గ్రాములు దాటకూడదన్నారు. మన దగ్గర రోడ్డెక్కే బండికి 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే పొగ పరిమితి ఉంది. వీపుకెక్కే ఇంజను మోటారు వాహనం కాదు కనుక ఆ లెక్కలోకి రాదు!

బ్యాటరీ పంపు వాడొచ్చు కదా అంటారు. అరెకరం కూరగాయలకు సరిపోతుందేమో గానీ, ఏపుగా పెరిగిన నాలుగెకరాల మిరపలో ఛార్జింగు మధ్యలోనే అయిపోతే ఆ పూట కూలి దండగే.

కేంద్రం పరిమితి పెట్టేదాకా ఆగక్కర్లేదు. వ్యవసాయ శాఖ రాయితీపై ఇచ్చే స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్ల టెండర్లలో హార్స్‌పవరు, ట్యాంకు లీటర్లు రాసే చోటే పొగ పరిమితీ ఒక వరుస రాయాలి. దానివల్ల పెరిగే ధరను రైతు మీద వేయకుండా రాయితీలో కలపాలి.

– ఒక మిరప రైతు, పల్నాడు జిల్లా