ఆదివారం సాయంత్రం మేడ మీద కలుద్దాం

అందరికీ నమస్కారం.

మా మేనకోడలు యుఫోరియా బ్యాండ్‌ని లైవ్‌లో చూసింది! అంతే కాదు, షో అయ్యాక స్టేజీ వెనక ఆ బ్యాండ్ ప్రధాన గాయకుడు పలాష్ సేన్‌ గారిని కలిసి ఫోటో కూడా దిగింది. 1988లో ఢిల్లీలో మొదలైన బ్యాండ్ అది. తొలి ఆల్బమ్ ‘ధూమ్’ 1998లో వచ్చేనాటికి ఈ పిల్ల ఇంకా పుట్టనే లేదు. మనం క్యాసెట్లు అరగదీసి విన్న పాటలు తను ముందు వరసలో నిలబడి గొంతు పోయేదాకా పాడిందట. పలాష్ గారు చదువుకున్న డాక్టరని తెలిసి ఇంకా మురిసిపోతోంది. మిగతాదంతా తన నోటితోనే వినాలి.

ఆదివారం సాయంత్రం 5:30కి, మొగల్రాజపురం మా ఇంటి మేడ మీద.

పాత క్యాసెట్లుంటే తప్పకుండా తెండి, పిల్లకి చూపిద్దాం. గిటార్ వచ్చినవాళ్లు గిటార్‌తోనే రండి. స్పీకర్ నేను చూసుకుంటాను.

సందులో కార్లు పట్టవు, బండి మీదో ఆటోలోనో రండి. సోమవారం తనకి పరీక్ష, 7:30కల్లా ముగించేద్దాం.

తన ఫోటోలు, వీడియోలు దయచేసి బయట గ్రూపులకు పంపొద్దు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి, పునుగులు ఆర్డర్ చెప్పాలి.