సరిహద్దు ఊళ్లకూ కథారచన తరగతులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

కథారచన శిక్షణ పేరుతో ఈమధ్య వస్తున్న కొన్ని ప్రకటనల్లో నెల తిరగకముందే రచయితలను చేస్తామన్న హామీ కనబడుతోంది. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో కొన్నేళ్లుగా సెలవు రోజుల్లో పిల్లలకూ, ఆసక్తి ఉన్న పెద్దలకూ కథ రాయడం నేర్పుతున్నవాడిగా ఆ హామీని నేను నమ్మను. అలాగని, రాత పుట్టుకతో రావలసిందే తప్ప ఒకరు నేర్పితే వచ్చేది కాదన్న మాటనూ ఒప్పుకోను. సంగీతానికి గురువు ఉండవచ్చునట, కథకు మాత్రం ఉండకూడదట!

మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఒడియా మాధ్యమంలో చదువుకున్నవారు. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడినా, చదవాలంటే అక్షరాలు కూడబలుక్కుంటారు. కథ రాయమనగానే తమ మాటను పక్కన పెట్టి, సంతలో చేపలమ్మే ముసలమ్మ చేత కూడా రేడియో వార్తల భాష మాట్లాడిస్తారు. అందుకే ముందు వారిని సంతకు పంపి, విన్న బేరాన్ని విన్నట్టే రాసుకురమ్మంటాను. తరగతిలో దాన్ని పైకి చదివించి, వినేవారికి ఎక్కడ విసుగు పుట్టిందో తోటివారి చేతనే చెప్పిస్తాను. కథ చివర తగిలించిన నీతివాక్యాన్ని కొట్టేయించడానికి పట్టినంత కాలం మరి దేనికీ పట్టదు. ప్రతిభను ఎవరూ చేతిలో పెట్టలేరు గాని, తన రాతను పరాయివాడి రాతలా చదివి తిరగరాసుకోవడం మాత్రం అభ్యాసంతో వస్తుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వారికి వారి మాటలోనే చదువు చెప్పించారు. 1936లో ఒడిశాలో చేరిన ఈ పట్టణంలో నేటి తెలుగు పిల్లలకూ ఆ పద్ధతే కావాలి. కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం మాకు బస్సు దూరంలోనే ఉంది. నేర్పేవాడికి అంతకు మించిన పాఠ్యపుస్తకం దొరకదు.

పెద్ద నగరాల్లో కథా కార్యశాలలు జరిపే సాహిత్య సంస్థలు ఏడాదికొకసారైనా పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వంటి చోట్లకు రావాలని కోరుతున్నాను. అలాగే మీ ఆదివారం అనుబంధానికి ఇక్కడి కొత్తవారు పంపే కథల్లో సంభాషణల యాసను సరిదిద్దకుండా ఉంచాలనీ, తిప్పిపంపే కథకు కారణం ఒక్క వాక్యంలోనైనా రాయాలనీ మనవి. ఆ వాక్యాన్ని మరుసటి తరగతిలో పాఠంగా చెప్పుకుంటాం.

ఇట్లు,
ఒక కథారచన శిక్షకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా